చలికాలం వస్తే మనసు ఎందుకు ముడుచుకుపోతుంది? మెలటోనిన్ అసలు కథ

ఈ ఎపిసోడ్ ప్లాన్‌లో లేదు. నిజానికి ఈ వారం బ్యాటరీల గురించి చేద్దామనుకున్నా. కానీ మా పిన్ని కొడుకు నుంచి వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. వాడు ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాడు, మిషిగన్ వైపు. మెసేజ్ ఇదీ: "అన్నా, రోజుకి పదకొండు గంటలు పడుకుంటున్నా, అయినా లేచినట్టే ఉండట్లేదు. పొద్దున అయిదు దాకా నిద్ర పట్టదు. మెలటోనిన్ గమ్మీలు వేసుకుంటున్నా, ఒకటి పనిచేయకపోతే రెండు. రైస్, బ్రెడ్, చిప్స్, అవే తినాలనిపిస్తోంది. అసైన్‌మెంట్లు రెండు మిస్సయ్యా. అమ్మకి చెప్పకు. నేను సోమరోణ్ణి అయిపోయానా అన్నా?"

ఆ చివరి మాట విన్నాక బ్యాటరీల స్క్రిప్ట్ పక్కన పెట్టేశా. ఎందుకంటే నాలుగేళ్ల కింద అదే మాట నన్ను నేను అడుక్కున్నా, అద్దంలో చూసుకుంటూ, బఫలోలో.

బఫలో అంటే న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉంటుంది కానీ, మీరు సినిమాల్లో చూసే న్యూయార్క్ కాదు. అటు చివర, ఈరీ అనే పెద్ద సరస్సు పక్కన. చలికాలం వస్తే ఆ సరస్సు మీద నుంచి వచ్చే గాలి మబ్బుల్ని, మంచుని మోసుకొచ్చి ఊరి మీద పడేస్తుంది. డిసెంబర్ 21న అక్కడ సూర్యుడు 7:40 దాటాక వస్తాడు, సాయంత్రం 4:45కల్లా వెళ్లిపోతాడు. వచ్చిన ఆ తొమ్మిది గంటలూ మబ్బు వెనకే. జూన్‌లో అదే ఊళ్లో పగలు 15 గంటల పైనే. మన హైదరాబాద్‌లో? ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటలు. పైగా మనకి చలికాలం అంటేనే ఎండ కాసే కాలం. డాబా మీద దుప్పటి కప్పుకుని, పొద్దున ఎండలో కూర్చుని టీ తాగే కాలం. అందుకే "చలికాలం వచ్చింది, దిగులుగా ఉంది" అంటే మన ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. మా అమ్మ అయితే "స్వెట్టర్ వేసుకో నాన్నా" అంది. తర్వాత దిష్టి తీయించింది, నా ఫొటోకి.

మొదటి చలికాలం నేను దాన్ని హోమ్‌సిక్ అనుకున్నా. ఏప్రిల్ వచ్చేసరికి అంతా సర్దుకుంది. ఎండాకాలం ఇంటర్న్‌షిప్ బ్రహ్మాండంగా చేశా. రెండో నవంబర్‌లో గడియారాలు గంట వెనక్కి తిప్పారు, రెండు వారాల్లో నేను మళ్లీ మంచానికి అతుక్కుపోయా. ప్రాజెక్ట్ మీటింగ్‌కి కెమెరా ఆఫ్ చేసి పడుకునే జాయినయ్యేవాణ్ణి. గైడ్ నుంచి "డు యు స్టిల్ వాంట్ టు కంటిన్యూ?" అని మెయిల్ వచ్చింది. ఆ రోజు నా గిట్‌హబ్ పేజీ తెరిచా, ఏం పని చేశానో చూపించడానికి. అక్కడ ఏడాది మొత్తం పచ్చ గళ్లు ఉంటాయి కదా, ఏ రోజు ఎంత కోడ్ రాశామో. మొదటి ఏడాది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బోసి. మార్చి చివర మొలకలు. జూన్‌లో పచ్చటి పొలం. మళ్లీ నవంబర్ నుంచి బోసి. ఇంటి మీద బెంగ అయితే మరీ నెలలు చూసుకుని రాదు కదా అనిపించింది.

తర్వాత తెలిసిందేంటంటే, ఈ జబ్బు వైద్యంలోకి వచ్చిన దారిలో కూడా ఒక ఇంజనీర్ ఉన్నాడు. 63 ఏళ్ల మనిషి. తన మూడ్ ఎప్పుడు పడుతోంది, ఎప్పుడు లేస్తోంది అని ఏళ్ల తరబడి నోటు పుస్తకాల్లో రాసుకున్నాడు. ఆయన లాగ్స్‌లో పాటర్న్ క్లియర్‌గా ఉంది: పగలు కుదించుకుపోతే ఆయన పడిపోతున్నాడు. ఆ పుస్తకాలు పట్టుకుని అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధనా సంస్థ, ఎన్‌ఐఎంహెచ్‌కి వెళ్లాడు. అక్కడ ఆల్‌ఫ్రెడ్ లూయీ, థామస్ వేర్, నార్మన్ రోజెంథాల్ అనే డాక్టర్లు ఉన్నారు. రోజెంథాల్ కథ మనవాళ్ల కథలాగే ఉంటుంది. దక్షిణాఫ్రికాలో, జోహన్నెస్‌బర్గ్ ఎండలో పెరిగిన మనిషి. 1976లో న్యూయార్క్ వచ్చాక, చలికాలం రాగానే తనలో హుషారు తగ్గిపోవడం గమనించాడు.

లూయీ బృందం అప్పటికే, 1980లో, ఒక ముఖ్యమైన విషయం కనిపెట్టింది. రాత్రి పూట మనిషి కళ్లకి 2,500 లక్స్ వెలుతురు చూపిస్తే రక్తంలో మెలటోనిన్ పడిపోతుంది. లక్స్ అంటే ఒక చోట ఎంత వెలుతురు పడుతోందో కొలిచే లెక్క. మామూలు ఇంటి లైటు వంద, మూడొందల లక్స్. బయట మబ్బు పట్టిన రోజు కూడా వేలల్లో ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష దాకా పోతుంది. మన కన్ను సర్దేసుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకి తెలియదు. గదిలో ట్యూబ్‌లైట్ వేసి "వెలుగుగానే ఉంది కదా" అనుకుంటాం. శరీరం లెక్కలో అది ఇంకా సంధ్యవేళే.

ఆ ఇంజనీర్‌ని తెల్లవారకముందు, పొద్దు వాలాక బాగా వెలుగున్న లైట్ల ముందు కూర్చోబెట్టారు. అంటే ఆయన పగటిని రెండు వైపులా సాగదీశారు. కొద్ది రోజుల్లో తేరుకున్నాడు. ఆ తర్వాత వాషింగ్టన్ పోస్ట్‌లో దీని మీద ఒక వార్త వస్తే, "నాకూ ఇంతే" అంటూ వేలల్లో ఉత్తరాలు వచ్చాయి. 1984లో రోజెంథాల్ బృందం 29 మంది రోగుల వివరాలతో పేపర్ వేసి దీనికో పేరు పెట్టింది. సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్. పొట్టిగా శాడ్.

సరే, హార్మోన్ దగ్గరికొద్దాం. రీల్స్‌లో చెప్పేది ఏంటి? "చలికాలంలో మెలటోనిన్ పెరుగుతుంది, సెరోటోనిన్ తగ్గుతుంది, అందుకే డిప్రెషన్." అయిపోయింది, లైక్ కొట్టండి. పూర్తి అబద్ధం కాదు, కానీ ఇలా సగం చెప్తేనే మా తమ్ముడు లాంటివాళ్లు గమ్మీల డబ్బా కొంటారు.

మెలటోనిన్ నిద్ర మాత్ర కాదు, దిగులు హార్మోనూ కాదు. అది చీకటి కబురు. "బయట రాత్రయింది, ఇంత సేపుంది" అని శరీరం మొత్తానికి చెప్పే టైమర్ సిగ్నల్. తయారయ్యేది మెదడు మధ్యలో కందిగింజంత ఉండే పీనియల్ గ్రంథిలో. ముడిసరుకు ఏంటో తెలుసా? సెరోటోనిన్. అవును, అదే సెరోటోనిన్. రాత్రయ్యాక ఒక ఎంజైమ్ పని మొదలుపెట్టి దాన్నే మెలటోనిన్‌గా మారుస్తుంది. కానీ అక్కడ సెరోటోనిన్ ఖర్చయిపోయి దిగులొస్తుందని లెక్క వేయకండి. అది పీనియల్ సొంత సరుకు. మూడ్‌కి సంబంధించిన సెరోటోనిన్ మెదడులో వేరే చోట తయారవుతుంది.

మరి రాత్రయిందని ఆ గ్రంథికి ఎవరు చెప్తారు? కళ్లు. కానీ చూపుకి వాడే కణాలు ఒక్కటే కాదు. రెటీనాలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న ప్రత్యేక కణాలు కొన్ని ఉన్నాయి, అవి సొంతంగా వెలుగుని పట్టుకుంటాయని 2002లో తేలింది. వాటికి బొమ్మలతో పెద్దగా పని లేదు. ముఖ్యంగా చూసేది ఎంత వెలుగుంది అని, అందులోనూ నీలం వైపు వెలుగు. ఆ సమాచారం మెదడు కింది భాగంలో సుమారు 20,000 కణాలున్న మాస్టర్ క్లాక్‌కి వెళ్తుంది. పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్, మనం క్లాక్ అనేద్దాం. అక్కడి నుంచి పీనియల్ పక్కనే కదా, నేరుగా వైర్ లాగొచ్చు. లాగలేదు! సిగ్నల్ వెన్నుపాములోకి దిగి, మెడ దగ్గరి నరాల ముడి దాకా వెళ్లి, మళ్లీ పైకి తలలోకి వస్తుంది. ఎవరైనా జూనియర్ ఇలా కోడ్ రాస్తే రివ్యూలో ఏడిపించేవాణ్ణి. ప్రకృతి మాత్రం కోట్ల ఏళ్లుగా ప్రొడక్షన్‌లో నడుపుతోంది.

జంతువుల్లో ఈ కబురు ఎంత సీరియస్సో చూడండి. మాది సత్తుపల్లి దగ్గర పల్లె. తాతయ్యకి గేదెలుండేవి. ఎండాకాలంలో గేదె ఎదకి రావట్లేదని ఎప్పుడూ గొణిగేవాడు, చలి మొదలైతే "ఇప్పుడు చూడరా" అనేవాడు. మేత, వేడి, ఇవన్నీ ఉన్నాయనుకోండి. కానీ దాని వెనక రాత్రి పొడవు కూడా ఉంది. రాత్రి సాగితే మెలటోనిన్ ఎక్కువసేపు కారుతుంది, ఆ పొడవు చూసి గేదె శరీరం ఇది ఏ కాలమో లెక్క కడుతుంది. ఎండాకాలంలో గేదెల్ని ఎదకి తేవడానికి చెవి దగ్గర చర్మం కింద మెలటోనిన్ పెట్టే పద్ధతి కూడా ఉంది. బఫలో ఊళ్లో కూర్చుని గేదెల పేపర్లు చదువుతున్నానని నా రూమ్మేట్ వారం రోజులు నవ్వాడు.

మరి మనుషుల్లో? థామస్ వేర్ బృందం 2001లో ఇదే కొలిచింది. మామూలు మనుషుల్లో, చలికాలమైనా ఎండాకాలమైనా రాత్రి మెలటోనిన్ కారే సమయం పెద్దగా మారలేదు. లైట్ల కింద బతుకుతాం కదా, శరీరం కాలాన్ని మర్చిపోయింది. శాడ్ ఉన్నవాళ్లలో మాత్రం చలికాలంలో ఆ సమయం సాగింది. అంటే వాళ్ల శరీరం ఇంకా గేదెలాగే కాలాన్ని చదువుతోంది. ఇది విన్నప్పుడు నాకు తిట్టులా అనిపించలేదు, హాయిగా అనిపించింది.

ఇంకో వాదన లూయీది. పొడవు కాదు, టైమింగ్ అంటాడు. చలికాలంలో పొద్దు ఆలస్యంగా వస్తుంది. మన క్లాక్ రోజూ పొద్దుటి వెలుగుతో సెట్ అవ్వాలి. ఆ వెలుగు దొరక్కపోతే అది వెనక్కి జారుతుంది. మీరు అలారం పెట్టుకుని ఎనిమిదికి లేస్తారు, లోపల శరీరానికి ఇంకా అయిదే అయింది. మెలటోనిన్ ఇంకా కారుతూనే ఉంటుంది. రోజూ జెట్‌లాగ్ అన్నమాట. 2006లో ఆయన బృందం చూసినప్పుడు ఎక్కువమందిలో క్లాక్ ఇలా వెనక్కే జారింది, కొంతమందిలో ముందుకి జరిగింది.

ఇప్పుడు గమ్మీ సంగతి. పొద్దుటి వెలుగు క్లాక్‌ని ముందుకి లాగుతుంది, రాత్రి పూట వెలుగు వెనక్కి తోస్తుంది. మెలటోనిన్ దీనికి రివర్స్. సాయంత్రం చిన్న మోతాదు ముందుకి లాగుతుంది, పొద్దున వేసుకుంటే వెనక్కి తోస్తుంది. మా వాడు చేస్తున్నదేంటి? రాత్రంతా ఫోన్ వెలుగులో ఉండి, పొద్దున అయిదింటికి గమ్మీ వేసుకుని, కర్టెన్లు మూసి, మధ్యాహ్నం ఒంటిగంటకి లేస్తున్నాడు. పొద్దుటి వెలుగు మొత్తం పోయింది. లేచిన కొద్ది గంటలకే మళ్లీ చీకటి. క్లాక్‌ని తప్పు వైపు తోయడానికి ఇంతకంటే మంచి ప్లాన్ నేనైనా వేయలేను. పైగా అమెరికాలో అది మందు కింద రాదు, సప్లిమెంట్. 2023లో 25 గమ్మీ ప్రొడక్టులు పరీక్షిస్తే 22 డబ్బాల మీద రాసినది ఒకటి, లోపల ఉన్నది ఒకటి. ఒకదాంట్లో రాసినదానికి మూడు రెట్లకి పైగా ఉంది. ఒకటి పనిచేయకపోతే రెండు అంటున్నాడే, ఆ రెండు ఎంతో వాడికే తెలియదు.

సెరోటోనిన్ వైపు కూడా ఆధారం ఉంది. 2002లో ఆస్ట్రేలియాలో 101 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ల మెడ సిరల నుంచి రక్తం తీసి చూశారు, మెదడు నుంచి నేరుగా వచ్చే రక్తం అది. సెరోటోనిన్ వాడకం చలికాలంలో అతి తక్కువ. ఆ రోజు ఎండ ఎంత కాసింది అన్నదాన్ని బట్టి పెరిగింది. కోపెన్‌హాగెన్‌లో 2016లో మెదడు స్కాన్లతో ఇంకో చిన్న అధ్యయనం జరిగింది. సెరోటోనిన్‌ని కణాల మధ్య నుంచి తిరిగి లోపలికి లాగేసే ప్రొటీన్ ఒకటుంది. శాడ్ రాని వాళ్లలో చలికాలానికి అది తగ్గి సర్దుకుంది. శాడ్ ఉన్నవాళ్లలో అలా తగ్గలేదు.

అయితే అంతా తేలిపోయిందని నేను చెప్పను. మందుతో మెలటోనిన్‌ని ఆపేసి చూశారు, అందరికీ తగ్గలేదు. కాబట్టి మెలటోనిన్ ఒక్కటే విలన్ కాదు. 2016లో అమెరికాలో 34,000 మందికి పైగా సర్వే డేటా చూసి, డిప్రెషన్‌కి చలికాలంతో సంబంధమే కనపడలేదని చెప్పిన పేపర్ కూడా ఉంది. ఐస్‌లాండ్ వాళ్లకి అంత చీకటున్నా, అమెరికా తూర్పు తీరం కన్నా అక్కడ శాడ్ తక్కువని 1993లోనే చూశారు. నా అభిప్రాయం: సర్వేలో సగటు మనిషి కనిపిస్తాడు, నా గిట్‌హబ్ గళ్లు కనిపించవు. కానీ చలికాలంలో ప్రతి దిగులూ శాడ్ కాదు అన్నది మాత్రం ఒప్పుకుంటా. డాక్టర్లు కూడా వరసగా రెండేళ్లు అదే కాలంలో వచ్చి, అదే కాలంలో పోతేనే ఆ పేరు పెడతారు. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర, ఆకలి పోతాయి. ఇందులో ఎక్కువగా ఉల్టా. నిద్ర పెరుగుతుంది, అన్నం, స్వీట్లు, బ్రెడ్ మీద మనసు లాగుతుంది, బరువు పెరుగుతుంది, కాళ్లూ చేతులూ సీసం పోసినట్టుంటాయి. అందుకే బయటివాళ్లకి అది జబ్బులా కనపడదు. తిని పడుకుంటున్నాడు, బద్ధకం అంటారు. మనమూ మనల్ని అదే అనుకుంటాం.

నేను క్యాంపస్ హెల్త్ సెంటర్‌కి వెళ్లా. పచ్చ గళ్ల స్క్రీన్‌షాట్ చూపించా. అక్కడి డాక్టరమ్మ నవ్వలేదు, రెండు నిమిషాలు దాన్నే చూసింది. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న నిద్ర గురించి కాదు: "ఎప్పుడైనా మరీ ఎక్కువ హుషారు వచ్చి, నిద్ర లేకుండా రోజులు గడిచాయా?" బైపోలార్ ఉన్నవాళ్లకి ఈ వెలుగు చికిత్స ఉన్మాదం వైపు తోసేయొచ్చు, అందుకు. కంటి జబ్బులేమైనా ఉన్నాయా అని కూడా అడిగింది. అందుకే ఈ వీడియో చూసి ఎవరూ నేరుగా లైట్ బాక్స్ ఆర్డర్ పెట్టకండి, ముందు ఒక డాక్టర్‌తో మాట్లాడండి.

నాకు చెప్పింది ఇదీ: 10,000 లక్స్ లైట్ బాక్స్, అల్ట్రావయొలెట్ ఫిల్టర్ ఉన్నది. లేచిన వెంటనే అరగంట, ముఖానికి అడుగున్నర దూరంలో. దాన్నే గుడ్లప్పగించి చూడక్కర్లేదు, కళ్లు తెరిచి టిఫిన్ తింటే చాలు. డి విటమిన్ కోసం కాదా అని అడిగా. కాదంది. అది చర్మం పని, ఇది కంటి పని.

మొదటి నాలుగు రోజులు ఏం లేదు. వారం దాటాక ఒక రోజు అలారానికి ముందే మెలకువ వచ్చింది. రెండు వారాలకి మీటింగ్‌లో కెమెరా ఆన్ చేశా. ఇక తగ్గిపోయిందని బాక్స్ పక్కన పడేశా. అయిదారు రోజుల్లో మళ్లీ మంచం. అప్పుడు అర్థమైంది, ఇది జ్వరం మాత్ర లాంటిది కాదు, వసంతం వచ్చేదాకా రోజూ చేయాల్సిన పని.

దాంతోపాటు వారానికోసారి కౌన్సెలింగ్. అది టైమ్‌పాస్ అనుకున్నా మొదట్లో. కానీ వెర్మాంట్ యూనివర్సిటీలో కెల్లీ రోహన్ అనే ప్రొఫెసర్ ఈ రెండిటినీ పోల్చింది. ఆ చలికాలానికి లైట్, శాడ్ కోసం తయారుచేసిన సీబీటీ అనే మాటల చికిత్స, రెండూ సమానంగా పనిచేశాయి. రెండు చలికాలాల తర్వాత చూస్తే, లైట్ వాడినవాళ్లలో సుమారు 46 శాతం మందికి మళ్లీ వచ్చింది, సీబీటీ చేసినవాళ్లలో 27 శాతం మందికి. అది హార్మోన్‌ని ముట్టుకోదు. "చీకటి పడింది, ఇక ఈ రోజు అయిపోయింది" అనే ఆలోచనని ముట్టుకుంటుంది. మందులూ ఉన్నాయి. బ్యూప్రోపియాన్‌లో ఒక రకానికి ఇది రాకుండా ఆపడానికి 2006లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. నాకు అవసరం పడలేదు, నా ఫ్రెండ్ ఒకడికి పడింది. అందులో సిగ్గుపడేదేం లేదు.

ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తా. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా వెలుగూ, గమ్మీలూ, ఈ వీడియో అన్నీ పక్కన పెట్టి ఫోన్ చేయండి. అమెరికాలో 988. ఇండియాలో టెలీ మానస్, 14416, తెలుగులో మాట్లాడతారు.

మా తమ్ముడికి ఇదంతా ఫోన్‌లో చెప్పా. గమ్మీలు పక్కన పెట్టి ముందు అపాయింట్‌మెంట్ తీసుకోమన్నా. నిన్న మనకి సాయంత్రం ఏడున్నరకి వాడి నుంచి వీడియో కాల్, అంటే వాడికి పొద్దున తొమ్మిది. బస్ స్టాప్‌లో ఉన్నాడు, వెనకంతా బూడిద రంగు.

"అన్నా, ఎండ ఎక్కడుంది ఇక్కడ?"

"ఎండ అక్కర్లేదు రా, ఆ మబ్బే మన రూమ్ కన్నా చాలా రెట్లు వెలుగు. ఆ కూలింగ్ గ్లాసెస్ తీసేయ్ ముందు."

తీశాడు. కళ్లు చికిలించుకుంటూ, "గురువారం పదింటికి డాక్టర్ అన్నా," అన్నాడు. "పిన్నికి చెప్పావా?" అన్నా. బస్సొచ్చిందని కట్ చేశాడు. రేపు పొద్దున వాడు లేచే టైమ్‌కి మళ్లీ చేస్తా.